జాతకం అడుగున పేరు

కంప్యూటర్‌లో ఏదైనా కొత్త సాఫ్ట్‌వేర్ వేసుకునేటప్పుడు పొడుగాటి షరతుల పేజీ ఒకటి వస్తుంది. మీరెవరూ దాన్ని చదవరు. కింద "ఒప్పుకుంటున్నాను" అన్నచోట నొక్కేసి ముందుకెళ్ళిపోతారు. తప్పు పట్టడం లేదు, నేనూ అంతే. కాకపోతే నా ఉద్యోగ జీవితంలో అలాంటి షరతుల పేజీ ఒకటి నేనే రాయాల్సి వచ్చింది. మొత్తం నాలుగైదు వాక్యాలు, అవీ తెలుగులో. వాటికి ఒక పెద్దాయన షష్టిపూర్తి ఎలా కారణమైందో చెబుతాను. కంప్యూటర్ చదువుకుంటున్న మీకు ఈ పాఠం పుస్తకాల్లో ఉండే ఉంటుంది. కానీ ఆ పుస్తకాల్లో మా కొవ్వూరు పంతులుగారు ఉండరు.

నేను పనిచేసింది రాజమండ్రిలో ఒక ప్రెస్సులో. శుభలేఖలు, బిల్లు పుస్తకాలు, కరపత్రాలు, ఏడాదికోసారి పంచాంగం వేసేవాళ్ళం. నన్ను పెట్టుకున్నది ప్రూఫులు దిద్దడానికి. పంచాంగం ప్రూఫు దిద్దడమంటే మాటలు చదవడం కాదు, అంకెలు చదవడం. తిథి ఎన్ని ఘడియల దాకా ఉంది, నక్షత్రం ఎన్ని ఘడియల దాకా ఉంది, పేజీల నిండా ఇవే. మిగతావాళ్ళకి అది శిక్ష. నాకు మాత్రం తాపేశ్వరం కాజా. ఇవాళ్టి అంకెకీ రేపటి అంకెకీ మధ్య తేడా చూస్తూపోతే చాలు, కంపోజింగులో తప్పు ఎక్కడ దొర్లిందో ఆ తేడాయే పట్టిస్తుంది. అలా కొన్నేళ్ళు దిద్దాక, అసలీ అంకెలు ఎక్కణ్ణుంచి వస్తున్నాయన్న దురద పట్టుకుంది. పాత గణితం పుస్తకాలు ముందేసుకుని, ఒక్కో సూత్రం నా అంతట నేనే కూడబలుక్కుని నేర్చుకున్నాను. డిగ్రీ మధ్యలో ఆపేసినవాణ్ణి కదా, పరీక్ష పెట్టేవాళ్ళు లేకపోతే చదువు ఎంత బాగుంటుందో అప్పుడు తెలిసింది.

తొంభైల నడుమ ప్రెస్సులోకి కంప్యూటర్ వచ్చింది. దాని మీద శుభలేఖలు కంపోజ్ చేయడానికి, అదే డీటీపీ పనికి, ఒకావిడ చేరింది. నాకంటే చిన్నది, నాలుగింతలు చురుకు, నోరు అంతకంటే చురుకు. నన్ను "మాస్టారూ" అనేది, నేనేనాడూ ఎవరికీ పాఠం చెప్పకపోయినా. మధ్యాహ్నం ఆవిడ క్యారేజీ విప్పేది, నేను ఆవిడ కుర్చీలో కూర్చునేవాణ్ణి. ఆ భోజనాల వేళల్లోనే, సెకండ్‌హ్యాండ్‌లో కొన్న పుస్తకం ఒకటి ఒళ్ళో పెట్టుకుని ప్రోగ్రామింగ్ నేర్చుకున్నాను. "మాస్టారూ, నా ఆవకాయ మరక కీబోర్డు మీద పడితే మీదేనని చెబుతా" అంటూ ఆవిడ వెనకనుంచి చూస్తుండేది.

ఏడాది తిరిగేసరికి జాతకం వేసే ప్రోగ్రాము తయారైంది. పుట్టిన తేదీ, టైము, ఊరు చెబితే చాలు, లగ్నం, నక్షత్రం, పాదం, గ్రహచక్రం అన్నీ డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ కీచుకీచుమంటూ తెలుగులో కొట్టేది. పురోహితులు అరపూట కూర్చుని వేసే లెక్క, కాఫీ చల్లారేలోపు అయిపోయేది. ప్రెస్సు యజమానిగారు ఆ కాగితం ముందొకసారి వెనకొకసారి తిప్పి చూసి, "దీన్ని అమ్ముదామయ్యా" అన్నారు.

ఇక్కడ మీకు పనికొచ్చే మాట ఒకటి. ప్రోగ్రాము నేనే రాశాను. కానీ జీతం తీసుకుంటూ, ఆ పని నీదేనని యజమాని అప్పగించాక, ఆయన కంప్యూటర్ మీద పూర్తి చేశాను. అంచేత చట్టం ప్రకారం అది ఆయనదే. నాకీ సంగతి చాలా ఆలస్యంగా తెలిసింది. తెలిసినా పెద్దగా బాధపడలేదు గానీ, మీరు ఉద్యోగంలో చేరే రోజున సంతకం పెట్టే కాగితం ఒకసారి చదవండి.

అమ్మడం అనుకోగానే కాపీల బెంగ పట్టుకుంది. ఫ్లాపీని ఫ్లాపీలోకి ఎక్కించడం ఎవరికైనా తెలుసు. అప్పుడు నాకొక ఉపాయం తట్టింది. మన ఇళ్ళల్లో స్టీలు గిన్నెల మీద పేరు కొట్టిస్తాం కదా, పెళ్ళికి ఎరువిచ్చినా తిరిగి మన ఇంటికే రావాలని. అలాగే కొన్నవాళ్ళ పేరూ ఊరూ ప్రోగ్రాము పొట్టలోనే పెట్టేద్దాం, ప్రతి జాతకం అడుగునా "గుణించినవారు ఫలానా" అని అచ్చవుతుంది. వేరేవాళ్ళ పేరు అచ్చయ్యే కాపీని ఏ పురోహితుడు వాడతాడు?

డీటీపీ ఆవిడ ఒక్క ముక్కలో తేల్చేసింది. "గిన్నె ఎవరైనా పట్టుకెళ్తే మనింట్లో గిన్నె ఉండదండి, అందుకని వెతుక్కుంటాం. ఫ్లాపీ కాపీ కొడితే మనింట్లోనూ ఉంటుంది, వాళ్ళింట్లోనూ ఉంటుంది. ఇంక వెతుక్కునేదెవరు మాస్టారూ?"

ఈ మాట మీద తర్వాత లావుపాటి పుస్తకాలు చాలా వచ్చాయని విన్నాను. ఆవిడ పెరుగన్నం కలుపుకుంటూ చెప్పింది.

ఫ్లాపీ కవరు మీద షరతులు కూడా ఉండాలన్నారు యజమానిగారు. ఎవరికీ రాయడం చేతకాదు. ఆయన ఎక్కడినుంచో ఒక విదేశీ సాఫ్ట్‌వేర్ అట్టపెట్టె తెచ్చారు, దాని వెనకున్న ఇంగ్లీషంతా ఉన్నదున్నట్టు కవరు మీద వేయించేశారు. కంపెనీ పేరొక్కటి మార్చారు. ఈ ప్రోగ్రాము వల్ల ఏ నష్టం జరిగినా మాకు బాధ్యత లేదని, తగవులొస్తే అమెరికాలో ఏదో రాష్ట్రం కోర్టులో తేల్చుకోవాలని అందులో ఉంది. కాపీ కొట్టకూడదని చెప్పే కాగితాన్నే కాపీ కొట్టామన్నమాట. అప్పుడు ఎవరికీ నవ్వు రాలేదు.

మొదట కొన్నది కొవ్వూరు పంతులుగారు. కొవ్వూరంటే గోదావరి బ్రిడ్జికి అవతలి ఒడ్డు. మనిషి బక్కపల్చన, భుజాన గుడ్డసంచీ, గొంతు మాత్రం వీధి చివరిదాకా. ఆయనకి కంప్యూటర్ లేదు. వాళ్ళ వీధిలో టైపు ఇన్‌స్టిట్యూట్ ఒకటి కంప్యూటర్ సెంటరుగా మారింది, అందులో వాడుకుంటానన్నారు.

"జ్యోతిషం రుషులిచ్చింది. దాన్ని అట్టముక్కలో పెట్టి అమ్ముతున్నావా నాయనా?" అని మొదలుపెట్టారు.

"లెక్క రుషులదేనండి. ప్రోగ్రాము మాదండి."

"రెండింటికీ తేడా ఏంటో?"

"కందిపప్పు భూదేవి ఇచ్చిందండి. పప్పుచారు మా ఆవిడ కాసింది. పప్పుచారు ఎవరైనా కాచుకోవచ్చు, అడ్డేం లేదు. మా పొయ్యి మీద గిన్నె పట్టుకుపోతేనే తగువు."

ఆయన కాసేపు ఆలోచించి, "మీ ఆవిడ ఇంగువ వేస్తుందా?" అన్నారు. వేస్తుందన్నాను. కొన్నారు.

చట్టం చెప్పేది కూడా దగ్గర దగ్గర ఇదే. లెక్క ఎవరి సొత్తూ కాదు, పద్ధతి ఎవరి సొత్తూ కాదు. దాన్ని పట్టుకుని మీరు రాసిన ప్రోగ్రాము మాత్రం, రాసిన క్షణం నుంచీ రక్షణలో ఉన్నట్టే. ఎక్కడా రిజిస్టరు చేయించకపోయినా సరే.

పంతులుగారు ఫ్లాపీ పట్టుకెళ్ళింది వేసవి ముహూర్తాల్లో. మళ్ళీ శ్రావణంలో వచ్చి బల్ల మీద ఒక జాతకం పడేశారు.

"మా తమ్ముడిది. లగ్నం తప్పింది."

"తప్పదండి. లెక్క నేను సరిచూశాను."

"వాడు పుట్టింది యుద్ధం రోజుల్లోనోయ్. నీ పెట్టెకి యుద్ధం జరిగినట్టే తెలీదు."

సంగతేమిటంటే, రెండో ప్రపంచ యుద్ధం నడిచిన రోజుల్లో ఓ మూడేళ్ళు దేశమంతటా గడియారాలు గంట ముందుకి జరిపారు. యుద్ధం అయ్యాక వెనక్కి తిప్పేశారు. ఆ మధ్యలో పుట్టినవాళ్ళ విషయంలో గడియారం ఏడు చూపించిందంటే అసలు టైము ఆరన్నమాట. పాతకాలపు పురోహితులకి ఇది నోటికి తెలుసు. నేను నేర్చుకున్న గణితం పుస్తకాలు అంతకు ముందువి, వాటికి తెలియదు. ఒక గంట తేడా వస్తే సగంమందికి లగ్నం మారిపోతుంది, ఎందుకంటే లగ్నం రెండు గంటలకోసారి మారుతుంది. నక్షత్రం సుమారుగా ఒక రోజంతా ఉంటుంది కాబట్టి, ఏ ఇరవై నాలుగులో ఒకరికో నక్షత్రమే మారిపోతుంది.

వారంలో సరిచేశాను. పంతులుగారి పాత ఫ్లాపీ తీసుకుని కొత్తది చేతిలో పెట్టాను. కొన్నవాళ్ళందరి చిరునామాలూ మా దగ్గరున్నాయి గనక, మిగతావాళ్ళకి పోస్టులో పంపాం. ఈ వాక్యం కాస్త గుర్తుపెట్టుకోండి. కొన్నవాళ్ళందరి చిరునామాలూ మా దగ్గరున్నాయి.

తర్వాత ఒకటి రెండేళ్ళకి ఒక వింత మొదలైంది. డీటీపీ ఆవిడ పుట్టిల్లు ఉప్పాడ. అక్కడ ఏదో సంబంధం చూస్తున్నారని ఒక పెళ్ళికూతురి జాతకం తెచ్చింది. అడుగున అచ్చయి ఉంది: గుణించినవారు ఫలానా, కొవ్వూరు.

"పంతులుగారు సముద్రం ఒడ్డున కూడా జాతకాలు వేస్తున్నారా మాస్టారూ?"

అమలాపురం నుంచి వచ్చిన జాతకాల మీదా ఆయన పేరే. తుని నుంచి వచ్చినవాటి మీదా ఆయన పేరే. యజమానిగారు తల పట్టుకున్నారు. "కొన్నది ఒక్కడు. వాడేది రెండు జిల్లాలు." పేరు చూసి కాపీ వాడరనుకున్నాను కదా, నా లెక్క తిరగబడింది. జనం ఆ పేరు చూసి నమ్ముతున్నారు. ఇన్ని ఊళ్ళలో జాతకాలు వేశాడంటే ఎంత గొప్పవాడో అనుకుంటున్నారు. పేరు లేని జాతకం కంటే కొవ్వూరు పేరున్న జాతకానికి గిరాకీ ఎక్కువైంది.

పంతులుగారికి ఇదంతా అమృతం. "ద్వారకా తిరుమల వెళ్ళానోయ్, క్యూలో ఒకాయన 'కొవ్వూరు పంతులుగారు మీరేనా' అని అక్కడికక్కడే కాళ్ళకి దణ్ణం పెట్టాడు. వెనకాల తోసుకుంటున్నారు, అయినా పెట్టాడు."

"ఎంతమందికిచ్చారండీ మా ఫ్లాపీ?" అన్నారు యజమానిగారు, పళ్ళ బిగువున.

"కొన్న ఏడే, ఆషాఢంలో మరిడమ్మ జాతరప్పుడు పెద్దాపురం మా చెల్లెలింటికి వెళ్ళాను. ముహూర్తాల్లేవు, పనేం లేదు. అక్కడ మా వాళ్ళలో నలుగురు అడిగారు, ఇచ్చాను. అడిగినవాడికి విద్య లేదనకూడదు."

"అది విద్య కాదండి, సరుకు."

"దానమిచ్చిన ఆవుని మళ్ళీ తోలుకురమ్మంటావా ఏంటి?"

కోర్టుకెళ్ళాలంటే, మా షరతుల ప్రకారం అమెరికా వెళ్ళాలి. ఊరుకున్నాం. పంతులుగారి మాట చెవిన పడ్డప్పుడు నాకొక లెక్క తగిలి ఉండాల్సింది. ఆషాఢంలో ఇచ్చారు. తప్పు పట్టింది శ్రావణంలో. కానీ ఎదురుగా తగువు నడుస్తుంటే లెక్కలు ఎవరికి తడతాయి?

ఏడెనిమిదేళ్ళు గడిచాయి. ఫ్లాపీలు పోయి సీడీలు వచ్చాయి, పంతులుగారి పేరు సీడీల్లోకీ ఎక్కింది. స్వభాను సంవత్సరం వచ్చింది. యుద్ధం రోజుల్లో వచ్చిన స్వభానులో పుట్టినవాళ్ళకి అరవై నిండుతున్నాయి. షష్టిపూర్తి కార్డులు మా ప్రెస్సుకి బాగానే వస్తున్నాయి.

దీపావళి వెళ్ళిన వారంలో ఒకరోజు పొద్దున్నే పంతులుగారు ప్రెస్సు మెట్లెక్కారు. గొంతు ముందు రాలేదు, మనిషే వచ్చారు. అక్కడే ఏదో తేడా ఉందనుకున్నాను. వెనకాల తెల్ల పంచె, తెల్ల చొక్కా వేసుకున్న రైతుగారు ఒకాయన. ఆయన్ని నేను గుర్తుపట్టాను. మండపేట అవతల పెద్ద కమతం, అంతకు ముందు వారమే మా దగ్గర షష్టిపూర్తి కార్డులు వేయించి పట్టుకెళ్ళారు.

పంతులుగారు జాతకం నా ముందు పెట్టారు. పెద్దాపురం కంప్యూటర్ సెంటర్లో వేయించింది. అడుగున ఆయన పేరే.

"ఈయన నన్ను పిలవడానికి వచ్చారు. జాతకం వేసిన చేతుల మీదుగానే శాంతి జరగాలని, కారేసుకుని కొవ్వూరు వెతుక్కుంటూ వచ్చారు. పుట్టిన సంవత్సరం చూడు."

చూశాను. స్వభాను, కార్తీకం, పౌర్ణమి వెళ్ళాక. పుట్టిన టైము గడియారం చూసి రాసింది. ఆషాఢంలో పంచిన, దిద్దని కాపీ కొట్టిన ఈ జాతకంలో నక్షత్రం మృగశిర. గంట వెనక్కి జరుపుకునే మా సరిచేసిన ప్రోగ్రాములో వేశాను. ప్రింటర్ కొట్టిన కాగితం మీద రోహిణి. చేత్తో లెక్క వేసి కూడా చూశాను, రోహిణే. షష్టిపూర్తి చేసేది జన్మనక్షత్రం ఉన్న రోజునే.

"మా అక్క మొదట్నుంచీ రోహిణే అంటందండి" అన్నారు రైతుగారు నిదానంగా. "అమ్మ చెప్పిందట. 'కంప్యూటర్ చెప్పిందాన్ని కాదంటావా, నువ్వేమన్నా చదివేవా' అని నేనే కసిరానండి. అప్పట్నుంచి మాట్లాట్టం మానేసింది. కార్డులు సగం ఊళ్ళు పంచేశాం. ఇప్పుడు రోజు మారుద్దాండి?"

"ఒకరోజు ముందుకొస్తుందండి" అన్నాను.

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. కోపంగా లేరు, అదే ఇబ్బంది. "పంతులుగారి పేరు చూసే ఒప్పుకున్నానండి. కొవ్వూరు పంతులుగారంటే తిరుగులేదని మా వైపంతా అనుకుంటారు. ఆయ్."

యజమానిగారు నన్నూ పంతులుగారినీ పక్కకి పిలిచారు. ఫ్లాపీ కవరు చేతిలో ఉంది. "ఇది దొంగకాపీ. మనకి సంబంధం లేదు. నష్టం జరిగితే బాధ్యత లేదని ఇదిగో కవరు మీదే ఉంది. మీది కాదని ఆయనకి చెప్పేయండి పంతులుగారూ, గొడవ వదిలిపోతుంది."

నిజానికి అది అబద్ధం కూడా కాదు. ఆ జాతకం పంతులుగారు వేయలేదు, చూడలేదు. ఆయన కవరు అందుకోలేదు. ఇంగ్లీషు చదవలేక కాదు.

"కాగితం మీద పేరెవరిది?"

"మీదేననుకోండి..."

"నా పేరు పెట్టుకుని తిరిగినన్నాళ్ళు దణ్ణాలు నేను పుచ్చుకున్నాను. తప్పొచ్చేసరికి నాది కాదంటే ఎలా కుదురుతుందండీ?" అని ఆయన వెనక్కెళ్ళి రైతుగారి ఎదురుగా నిలబడ్డారు. "బాబూ, నక్షత్రం రోహిణి. మీ అక్కగారి మాటే నిజం. తప్పు నా పేరు మీద జరిగింది. ముందురోజుకి మార్చుకోండి, శాంతి నేనొచ్చి చేయిస్తాను. ఎవరైనా అడిగితే కొవ్వూరు పంతులు పొరపాటన్నాడని చెప్పండి."

రైతుగారు లేచారు. "పొరపాటన్నారని చెప్పనండి. సరిచేశారని చెబుతాను." గుమ్మం దగ్గర ఆగి, "ముందు అక్కకి చెప్పుకోవాలండి, అదే కష్టం" అని వెళ్ళిపోయారు. కొత్త కార్డులు ఆ పూటే ఎక్కించాం.

ఆయన కారు కదిలాక పంతులుగారి గొంతు తిరిగొచ్చింది. "ఇంకా ఎంతమంది ఉన్నారోయ్ ఇలా? ఆ ఏళ్ళలో పుట్టినవాళ్ళందరికీ ఇప్పుడే కదా షష్టిపూర్తులు? ఎవరెవరి ఇళ్ళల్లో నా పేరు పెట్టుకుని తప్పుడు నక్షత్రాలు కూర్చున్నాయో. నా పేరు తీసేయ్. అన్నిట్లోంచీ తీసేయ్."

"ఎక్కణ్ణుంచి తియ్యనండి? ఎవరి దగ్గరున్నాయో తెలిస్తే కదా. కొన్నవాళ్ళయితే చిరునామా ఉంటుంది, కొత్తది పంపుతాం. కాపీలకి చిరునామా ఎక్కడిదండీ?"

ఆయన కూర్చుండిపోయారు. ఎనిమిదేళ్ళ కిందట దానమిచ్చిన ఆవు ఊళ్ళ మీద తిరుగుతోంది. దాని మెడలో పలక మీద ఆయన పేరుంది.

ఎప్పటిలాగే దారి చూపించింది డీటీపీ ఆవిడ. "దిద్దుబాటు ఒక్కటీ విడిగా చేసి ఊరికే ఇచ్చేద్దాం మాస్టారూ. దొంగకాపీ అయినా సరే, ఎవరు పట్టుకెళ్ళి ఎక్కించుకున్నా యుద్ధం గంట సరిపోవాలి. ఎక్కించేటప్పుడు వాళ్ళ పేరూ ఊరూ అడగాలి. పంతులుగారి పేరు పోయి వాళ్ళ పేరు పడుతుంది. వేసేది వాళ్ళయినప్పుడు పేరు కూడా వాళ్ళదే ఉండాలి కదండీ."

యజమానిగారు ఎగిరిపడ్డారు. "దొంగకి ఇంటి తాళంచెవి చేసిచ్చినట్టుంటుంది. డబ్బిచ్చి కొన్నవాళ్ళు మనల్నేమంటారు?"

"వాళ్ళకి ఎనిమిదేళ్ళ కిందటే అందిందండి" అన్నాను. "తప్పు లేకుండా వాడుకుంటున్నారు. వాళ్ళు కొన్నది అదే."

"కాపీ కొట్టినవాడు అనుభవిస్తాడయ్యా, మనకెందుకు?"

"అనుభవించింది కాపీ కొట్టినవాడు కాదు కదండీ. ఇప్పుడు మెట్లు దిగెళ్ళినాయన. ఆయన ఏం కాపీ కొట్టారని?"

యజమానిగారు ఇంకా ఏదో అనబోయారు. ఆవిడ మానిటర్ వైపు తిరిగి, తనలో తను అనుకుంటున్నట్టుగా అంది. "నేను రోజూ కార్డులు కొట్టే ఈ ఫాంట్లు ఎవరివో? మనం కొన్నట్టు నాకైతే గుర్తులేదు."

యజమానిగారు చేతిలో కవరు బల్ల మీద పెట్టేసి, "సరే, చెయ్యండి. కానీ ఈసారి షరతులు మనమే రాద్దాం" అన్నారు. తర్వాత కొన్ని నెలలకి ఫాంట్లు కూడా కొన్నారు. ఎవరూ అడగలేదు.

ఆ షరతులు రాయడం నా వంతైంది. ఇలా రాశాను: "ఈ దిద్దుబాటును ఎవరైనా వాడుకోవచ్చు, ఎవరికైనా ఇవ్వచ్చు. అసలు ప్రోగ్రాము మాత్రం మా ప్రెస్సుది, కావలసినవారు కొనుక్కోవాలి. జాతకం అడుగున మీ పేరే పడుతుంది. తప్పు కనిపిస్తే మాకు చెప్పండి, సరిచేస్తాం." లాయరు ఎవరైనా చదివితే నవ్వుతాడేమో. కానీ ఇది చదివినవాళ్ళందరికీ అర్థమైంది. లైసెన్సు అంటే భయపెట్టే కాగితం అనుకునేవాణ్ణి. ఇది రాశాక తెలిసింది, ఏది నీది, ఏది నాది, తేడా వస్తే ఎవరు పలుకుతారు అన్న మూడు సంగతులు ముందే చెప్పుకోవడమేనని.

ఉగాదికి వచ్చిన పంచాంగం వెనక అట్ట మీద ప్రకటన వేశాం. చిత్రభాను నుంచి పార్థివ దాకా, యుద్ధం రోజుల్లో పుట్టినవారి జాతకాలు సరిచూసుకోండి, దిద్దుబాటు ఉచితం అని. పురోహితులు బిలబిలమంటూ వచ్చారు. ఒక్కరు కూడా తమ కోసం అనలేదు. "మా స్నేహితుడి దగ్గరుందండి, పాపం కాళ్ళ నొప్పులు, రాలేడు." "మా తోడల్లుడు తెమ్మన్నాడండి." డీటీపీ ఆవిడ మొహంలో ఏ భావమూ లేకుండా, "మీ స్నేహితుడి పేరు అడుగుతుందండి ఎక్కించేటప్పుడు. మర్చిపోయి మీ పేరు కొట్టేసేరు" అనేది. ఎంతమంది వచ్చారో రాసిపెట్టమన్నారు యజమానిగారు. రాస్తే రారని ఆవిడ అంది. నా జీవితంలో లెక్క రాయకుండా చేసిన పని అదొక్కటే. కొందరు మాత్రం సీడీ తీసుకున్నాక గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కొచ్చి, అసలు ప్రోగ్రాము ఎంతండీ అని అడిగారు.

పంతులుగారు మా ప్రకటన కోసం ఆగలేదు. సంచీనిండా ఫ్లాపీలూ సీడీలూ వేసుకుని పెద్దాపురం బస్సెక్కారు. తను ఇచ్చిన నలుగురి దగ్గరికీ వెళ్ళి, వాళ్ళు ఎవరికిచ్చారో అడిగి, అక్కడికీ వెళ్ళారు. "ఆవుని తోలుకురాలేనోయ్. కనీసం మెడలో పలక మార్చొస్తా" అన్నారు.

ఆ కార్తీకంలోనే జరిగిన రైతుగారి షష్టిపూర్తికి నన్నూ పిలిచారు. ముందు వరసలో వాళ్ళక్కగారు కూర్చుని వచ్చినవాళ్ళందరికీ, "రోహిణని నేను చెప్పలా?" అని చెబుతూనే ఉంది. నక్షత్రం పేరు సంకల్పంలో చదివేటప్పుడు పంతులుగారు గొంతు ఇంకాస్త పెంచారు. మైకు అక్కర్లేకపోయింది.

మరుసటి ఏడు ఆయన ప్రెస్సుకొచ్చి కొంచెం నిష్ఠూరంగా, "ద్వారకా తిరుమలలో ఈసారి ఎవరూ గుర్తుపట్టలేదోయ్" అన్నారు. "పేరు తీసేయమన్నది మీరేగదండి" అన్నాను. "తీసేయమన్నాను. మరీ ఇంత శుభ్రంగా తీసేస్తావనుకోలేదు" అన్నారు.

తర్వాత పంతులుగారు కాలం చేశారు. ప్రెస్సు అమ్మేశారు. ఫోన్లోనే జాతకాలు వస్తున్నాయి, మా ప్రోగ్రాముతో ఎవరికీ పని లేదు. నేను ఇంటి దగ్గర ఊరికే ఉంటున్నాను. లెక్కలు తెలుసని పక్కింటివాళ్ళు అప్పుడప్పుడు జాతకాలు తెచ్చి చూపిస్తుంటారు. అందరూ చక్రం చూస్తారు. నా చూపు ముందు కాగితం అడుగుకి పోతుంది.

ఈమధ్య ఒకావిడ తమ పెద్దబ్బాయి జాతకం తెచ్చింది. ఏదో పల్లెటూళ్ళో, ఇంకా మూత పడని ఏదో సెంటర్లో వేయించిందట. డాట్ మ్యాట్రిక్స్ చుక్కలు, మా ప్రోగ్రాము గీసిన చక్రం. అడుగున అచ్చయి ఉంది: గుణించినవారు ఫలానా, కొవ్వూరు. పంతులుగారు ఏ ఊరు వెళ్ళడం మిగిలిపోయిందో, అక్కడింకా ఆయన జాతకాలు వేస్తూనే ఉన్నారు.

"ఏవండీ, తప్పేమన్నా ఉందా?" అంది ఆవిడ, నేను అలా చూస్తూ ఉండిపోయేసరికి.

అబ్బాయి పుట్టిన సంవత్సరం చూశాను. యుద్ధానికి చాలా తర్వాత.

"ఏం లేదమ్మా, సరిగ్గానే ఉంది" అని, కాగితం మడిచి ఇచ్చేశాను. "పంతులుగారు మంచివారు."